సారు రాగానే పోయే యంత్రం

హార్డ్‌వేర్ ఇంజనీరు ఆఫీసులోకి వస్తే ఎవరూ కుర్చీలోంచి లేవరు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ సంగతి ముందే చెప్పి పెట్టడం నా బాధ్యత. కాలేజీవాళ్లు మీకు ఇంజనీరు అని పేరు పెట్టి పంపిస్తారు. ఆఫీసులో మాత్రం కూలర్‌లో గడ్డి మార్చేవాడు వచ్చినా, మంచినీళ్ల క్యాను తెచ్చేవాడు వచ్చినా, మీరు వచ్చినా ఒకటే గౌరవం. నిజానికి క్యాను తెచ్చేవాడికి ఓ పిసరు ఎక్కువే, వాడు రాకపోతే అందరికీ దాహం వేస్తుంది గనుక. ముప్పై ఏళ్లు పాతబస్తీ ఆఫీసుల్లో బల్లల కింద పాకి, రిటైరై, ఇప్పుడు జల్‌పల్లిలో నా చిన్న ప్లాటులో కూర్చుని ఇది రాస్తున్నాను. మనిషిని వచ్చేశాను గానీ మోకాళ్లు ఆ బల్లల కిందే ఉండిపోయాయి.

మా పనిలో రిటైరైనవాళ్లు చెప్పుకునే ఘనకార్యాలు మీరు వినే ఉంటారు. సర్వర్ కూలబడిందట, ఊరంతా చేతులెత్తేసిందట, ఈయన వెళ్లి ఒక్క స్క్రూ బిగిస్తే లేచి కూర్చుందట. నా దగ్గరా అలాంటివి రెండు మూడు ఉన్నాయి, పెళ్లి భోజనాల దగ్గర చెబుతుంటాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఏ పెళ్లిలోనూ చెప్పలేదు. ఇందులో ఒక వేలిముద్ర యంత్రం ఉంది, ఒక పొడుగు వైరు ఉంది, నేను రాసిన రెండు ముక్కల అబద్ధం ఉంది.

మొఘల్‌పురాలో ఒక సేవా కేంద్రం ఉండేది. ఏ శాఖదని అడక్కండి, ఏ శాఖదైనా ఒకలాగే ఉంటుంది. జనం వచ్చి వేలిముద్రలు వేసి, ఫొటో దిగి, కార్డుల్లో పేరో చిరునామానో సరిచేయించుకుని పోయే చోటు. కార్డులో తండ్రి పేరు దగ్గర భర్త పేరు, భర్త పేరు దగ్గర వీధి పేరు పడ్డవాళ్లంతా అక్కడికే వస్తారు. హాల్లో మూడు కౌంటర్లు. రెండింట్లో కాగితాలు తీసుకుంటారు. మొదటి కౌంటర్లో మాత్రమే వేలిముద్ర యంత్రం, కెమెరా. అక్కడ కూర్చునే ఆపరేటరుకు ముప్పై అయిదేళ్లుంటాయి. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి మళ్లీ రాసివ్వాలి. భర్త దగ్గర్లోని చిన్న గుళ్లో పూజారి. దేవుడి కొలువు పర్మనెంటే గానీ జీతం భక్తుల దయ. కాబట్టి ఆ ఇంట్లో అన్నం ఉడికేది ఈమె కౌంటరు మీదే. ఆమె నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని.

ఆ కంప్యూటరుకు జబ్బు ఏమిటంటే, పని మధ్యలో వేలిముద్ర యంత్రమూ కెమెరా రెండూ ఒక్కసారిగా మాయమయ్యేవి. ‘టుడుంగ్’ అని మోత. ఆ మోత మీకు తెలుసు, యూఎస్‌బీ వైరు పీకేసినప్పుడు కంప్యూటరు చేసే మోత. ఇక్కడ ఎవరూ వైరు ముట్టుకోలేదు. రెండు క్షణాల్లో మళ్లీ ‘టుడింగ్’ అని వాటంతటవే తిరిగి వచ్చేవి, ఏమీ ఎరగనట్టు. కానీ అప్పటిదాకా నింపిన ఫారం అంతా ఖాళీ. మళ్లీ పేరు, మళ్లీ పది వేళ్లు, మళ్లీ ఫొటో. బయట వరుసలో లొల్లి. వరుసలో నిలబడ్డవాళ్లు తిట్టేది యంత్రాన్ని కాదు, దాని వెనక కూర్చున్న మనిషిని.

ఆ ఆఫీసుకు ఒక సూపరింటెండెంటు. చెడ్డమనిషి కాదు. ఫైళ్లు ఆపడు, ఎవరి దగ్గరా చాయ్ కూడా తాగడు. ఒక్క మర్యాద పిచ్చి మాత్రం ఉంది. రోజుకు నాలుగైదుసార్లు తన గదిలోంచి హాల్లోకి వస్తాడు. వచ్చినప్పుడల్లా అందరూ లేవాలి. లేచినవాళ్లను చూడడు, లేవనివాళ్లను మరచిపోడు. దసరాకు ముందు ఆఫీసుకు కొత్త కుర్చీలు సాధించి తెచ్చింది ఆయనే. నల్ల రెగ్జిను, కింద చక్రాలు, పక్కన మీట నొక్కితే పైకీ కిందికీ వెళ్లేవి. వాటికి పూజ చేసి కొబ్బరికాయ కొట్టించాడు. పాత చెక్క కుర్చీలన్నీ తుక్కుకు పంపేశాడు. కొత్త కుర్చీలకు తగ్గట్టు కౌంటర్లు కూడా ఎత్తు పెంచాడు. ఇంజనీరు కూర్చోవడానికి మాత్రం ఒక ప్లాస్టిక్ స్టూలు అట్టిపెట్టాడు.

ఆ కుర్చీలు వచ్చిన కొన్నాళ్లకు, అక్కడి యంత్రాల రిపేర్లు చూసే మా కంపెనీకి కాల్ వచ్చింది.

నేను మధ్యాహ్నం ఒకటిన్నరకు వెళ్లాను. ఎందుకు ఆ వేళకే వెళ్లానో కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే మొదలైంది. సూపరింటెండెంటు ఒకటింటికి భోజనానికి ఇంటికి వెళ్లి మూడింటికి వస్తాడు. ఆయన ఉన్నప్పుడు వెళ్తే ఆయన ఇంటి ప్రింటరు, బావమరిది లాప్‌టాప్, పక్కింటివాళ్ల సీసీ కెమెరా అన్నీ నా నెత్తిన పడతాయి. ఇంజనీరుకు ఇంటిపని అప్పజెప్పని అధికారిని నా సర్వీసులో చూడలేదు. అందుకని వాళ్లు లేని వేళ చూసి దొంగలా వెళ్లి పని చేసుకుని రావడం నా పద్ధతి. దాన్ని నేను తెలివి అనుకునేవాణ్ని.

వైరు మార్చాను. ముందువైపు రంధ్రంలో ఉన్నదాన్ని తీసి సీపీయూ వెనకవైపు పెట్టాను. ముందువైపు రంధ్రాలు లోపల సన్నని తీగతో వేలాడుతుంటాయి, వాటిని నమ్మకండి. కరెంటు పొదుపు కోసం కంప్యూటరే యూఎస్‌బీని నిద్రపుచ్చే అమరిక ఒకటి ఉంటుంది, దాన్ని తీసేశాను. గంటసేపు స్టూలు మీద కూర్చుని చూశాను. ఒక్కసారీ పోలేదు. మళ్లీ వస్తే చెప్పమని వచ్చేశాను. మర్నాడు మళ్లీ కాల్. ఈసారి సిస్టం మొత్తం ఫార్మాట్ కొట్టాను. మళ్లీ గంటసేపు. యంత్రం బుద్ధిమంతుడిలా పనిచేసింది. మూడోసారి వేలిముద్ర యంత్రమే కొత్తది వేశాను. సీపీయూలో కరెంటు పెట్టె కూడా మార్చాను. ఇంకేం మార్చాలి, ఆపరేటరును తప్ప?

ఆమె మూడుసార్లూ ఒకటే చెప్పింది. సారు హాల్లోకి వచ్చినప్పుడే పోతదన్నా అని. ఒక్కోసారి అన్నానికి వెళ్లి వచ్చేసరికి కూడా పోయి వచ్చిన ఆనవాలు ఉంటుందని. నేను నవ్వాను. సార్లంటే మనుషులకు భయం గానీ యంత్రాలకు ఏం భయం అన్నాను. చాయ్ కప్పులు పట్టుకుని గోడకు ఆనుకున్న అటెండరు చాచా కూడా వంత పాడాడు.

“సాబ్ ఆతేఇచ్ మషీన్ డర్ జాతా భాయ్,” అన్నాడు. సారు రాగానే యంత్రం జడుసుకుంటుందట. ఆయన ఆ ఆఫీసులో నా సర్వీసు కంటే ఎక్కువ కాలం చాయ్ మోశాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ మాటను నేను జోకుల ఖాతాలో వేసేసుకున్నాను.

మీకు ఒక మాట. రోగి చెప్పింది డాక్టరు నమ్మకపోవచ్చు, కానీ రాసుకుంటాడు. నేను రాసుకోను కూడా లేదు.

ఆ రోజు బల్ల కింద ఉండగానే మా కంపెనీ మేనేజరు ఫోన్. ఒకే చోటికి మూడుసార్లు ఎవడు పంపుతాడు, కాల్ మూసెయ్ అన్నాడు. కాల్ మూయాలంటే సర్వీసు కాగితంలో ‘లోపానికి కారణం’ అన్న గడి నింపాలి. అది ఖాళీగా ఉంటే కంపెనీ ఊరుకోదు. ‘తెలియలేదు’ అని రాస్తే అసలు ఊరుకోదు. ఇలాంటప్పుడు మా జాతి మొత్తం రాసే మంత్రం ఒకటుంది. నేనూ రాశాను. ‘ఆపరేటర్ మిస్‌హ్యాండ్లింగ్.’ వాడేవాళ్లు సరిగ్గా వాడడం లేదని దాని అర్థం. చేయి అలవాటుగా రాసేసింది, మనసుతో సంప్రదించలేదు. ఆమె ముందు వరుస నిండా జనం. కాగితం చూపించి ఇక్కడ సంతకం చెల్లె అన్నాను. నేను వేలు పెట్టిన చోట ఆమె సంతకం పెట్టింది.

వారం తర్వాత సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. అవి ఉంటే నాకు తేలికగా ఉండేది. సంగతి ఇది. సర్వీసు కాగితం నకలు సూపరింటెండెంటు బల్ల మీదికి వెళ్లింది. మూడుసార్లు ఇంజనీరు వచ్చి, అన్నీ కొత్తవి వేసి, తప్పు మనిషిదేనని రాసిచ్చాడు. పైగా ఆ మనిషే కింద సంతకం పెట్టింది. ఆయన మెమో ఇచ్చాడు. మర్నాడు పన్నెండు గంటలకు పై ఆఫీసు నుంచి పెద్ద మేడం తనిఖీకి వస్తోంది. నెలాఖరుకు ఈమె కాంట్రాక్టు రాసివ్వాలి. మేడం ముందు యంత్రం పోయిందా, కొత్త ఆపరేటరును చూసుకుంటానని చెప్పేశాడు.

“మీరు ఏం రాసిన్రో నేను చదవలేదన్నా,” అంది. “మీరు రాసిన్రు గదా అని సంతకం వెట్టిన.”

ఆ రాత్రి నాకు సిగ్గు వేసింది. ఇంతకంటే మంచి మాట నాకు దొరకదు. అదే గడిలో అదే మంత్రం ఇంకెన్నిసార్లు రాశానో, ఇంకెంతమంది చదవకుండా సంతకం పెట్టారో లెక్క వేయబోయి ఆపేశాను.

మర్నాడు ఆఫీసు తెరవగానే వెళ్లాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి, అధికారి ఉండే వేళకు నా అంతట నేను వెళ్లాను. ఆమె పలకరించలేదు, స్టూలు మాత్రం నా వైపు జరిపింది. కౌంటరు కిటికీ అవతల వరుసలో మొదట ఒక ముసలమ్మ. పేరు సరిచేయించుకోవడానికి మూడోసారి వచ్చింది. ఇళ్లల్లో గిన్నెలు తోమి తోమి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టడమే గగనమయ్యేది, పట్టిన తర్వాత టుడుంగ్‌మని అదీ పోయేది.

పదిన్నరకు సూపరింటెండెంటు హాల్లోకి వచ్చాడు. అందరూ లేచారు. టుడుంగ్.

“చూసినవా ఇంజనీరూ,” అన్నాడు ఆయన. “నేను రాంగనే. రోజూ గిదే కత.”

చూశాను. అబద్ధమాడను, నా మనసులో మొదట పుట్టింది సంతోషమే. జబ్బు కళ్ల ముందు కనబడితే ఇంజనీరుకు పండగ. ఆయన జేబులో రెండు ఫోన్లు ఉన్నాయి. వాటి సిగ్నలే దొంగ అనుకున్నాను. ఫోన్లు గదిలో పెట్టి మళ్లీ ఒకసారి రమ్మని బతిమాలాను. ఆయన వెళ్లి, వచ్చాడు. అందరూ మళ్లీ లేచారు. టుడుంగ్. అయితే చాచా మీద అనుమానం పడింది. సారు అడుగు పెట్టగానే చాచా పరుగున వెళ్లి పెద్ద ఫ్యాను స్విచ్ వేస్తాడు. పాత స్విచ్, నిప్పురవ్వ కొడుతుంది. ఫ్యాను ముందే వేయించి, సారును మళ్లీ పంపించి, మళ్లీ రప్పించాను. అందరూ మళ్లీ లేచారు. టుడుంగ్. యంత్రం సంగతి ఏమో గానీ ఆ ఒక్క గంటలో ఆయనకు రోజంతటికీ సరిపడా మర్యాద దక్కింది. నాలుగోసారి రమ్మంటే నా మొహాన తలుపు వేసుకున్నాడు. టైము పదకొండున్నర.

మాది కార్వాన్‌లో పాలు పోసుకుని బతికిన ఇల్లు. మా బాపు బర్రెల మనిషి. చిన్నప్పుడు ఓ రోజు బర్రె చేపలేదు, పొదుగులో పాలున్నా దించలేదు. నేను కట్టె తీసుకుంటే బాపు చేయి పట్టుకున్నాడు. “బర్రెను కొట్టకు. దాని సుట్టు ఏం మారిందో సూడు,” అన్నాడు. చూస్తే కొట్టంలో దూలానికి ఎవరో కొత్త రేకు డబ్బా వేలాడదీశారు, గాలికి మోగుతోంది. డబ్బా తీసేస్తే బర్రె పాలు దించింది. స్టూలు మీద కూర్చుని ఇది ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. వచ్చి మేలు చేసింది. నేను ఉదయం నుంచి సారునే చూస్తున్నాను. సారు వచ్చినప్పుడు ఇక్కడ ఏం మారుతోందో చూడలేదు.

ఆమెను అడిగాను. ఈ పీడ ఎప్పటినుంచి? దసరా అయినంక. దసరాకు ఏం కొత్తగా వచ్చింది? ఆమె తన కింద చూసుకుంది.

“కుర్చీలన్నా.”

ఆమెను పక్కకు జరగమని నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. నాకు ముందెప్పుడూ ఆ భాగ్యం కలగలేదు గదా. దిగ్గున లేచాను. టుడుంగ్. కూర్చున్నాను, లేచాను. ఏమీ కాలేదు. మళ్లీ. టుడుంగ్. మెల్లగా లేస్తే పోదు. సారును చూసి ఉలిక్కిపడి లేచినట్టు లేస్తే పోతుంది. అలా ఓ పదిహేనుసార్లు కూర్చుని లేచాను. కిటికీ అవతల ముసలమ్మ జాలిగా చూసి, డాక్టరు చెప్పిండా బిడ్డా అని అడిగింది.

అప్పుడు అంతా వరుసగా అర్థమైంది. ఆ కుర్చీ కింద గొట్టంలో గ్యాసు ఉంటుంది. మీద బరువు ఒక్కసారిగా తీసేస్తే ఆ ఇనుములో చిన్న విద్యుత్తు చురుకు పుడుతుంది. మనిషికి తెలియదు. దగ్గర్లో నాసిరకం వైరు ఉంటే దానికి తెలుస్తుంది, అది మోసుకెళ్లి కంప్యూటరుకు చెబుతుంది. గోడ సాకెట్లో మూడో రంధ్రానికి ఎర్తింగ్ ఉంటే చాలావరకు అక్కడే చల్లారేది. స్క్రూలు విప్పి చూస్తే ఆ రంధ్రం వెనక తీగే లేదు, కట్టినవాడు అందం కోసం పెట్టాడు. నేను వచ్చిన మూడుసార్లూ యంత్రం ఎందుకు పోలేదో కూడా తెలిసింది. నేను వస్తే ఎవరూ లేవలేదు. కాబట్టి పోలేదు.

ఇంకొక్కటి మిగిలింది. ఆ నాసిరకం వైరు ఎవడు వేశాడు? సీపీయూ నుంచి కిటికీ దాకా యంత్రం అందడం లేదంటే రెండేళ్ల కింద ఒక పొడుగు వైరు తెచ్చి కలిపినవాణ్ని నేనే. బజారులో చవగ్గా దొరికింది, చెల్లుతుందిలే అనుకున్నాను. మూడుసార్లు వచ్చి అన్నీ మార్చాను గానీ దాన్ని మాత్రం మార్చలేదు. మనం వేసింది మనకు ఎప్పుడూ మంచిదే. మొదటిసారి మార్చింది యంత్రంతో వచ్చిన పొట్టి వైరును, పాపం దానిది ఏ తప్పూ లేదు.

తనిఖీకి పావుగంట ఉంది. మంచి వైరు కోసం కోఠి వెళ్లి వచ్చేసరికి మేడం వెళ్లిపోతుంది. పొడుగు వైరు తీసేస్తే యంత్రం కిటికీకి అందదు. నా ప్లాస్టిక్ స్టూలు మీద ఆమెను కూర్చోబెట్టి చూశాను. కొత్తగా పెంచిన కౌంటరు వెనక నుదుటి బొట్టు తప్ప ఏమీ కనబడలేదు. పాత చెక్క కుర్చీలు తుక్కులో ఉన్నాయి. మెల్లగా లేవమందామంటే, పెద్దవాళ్లను చూస్తే దిగ్గున లేవడమే ఆమె కాళ్లకు తెలుసు. ఇక మిగిలిన దారి ఒక్కటే. మేడం వచ్చినప్పుడు ఆమె లేవకూడదు.

ఆ మాట చెబితే ఆమె స్టూలు మీంచి లేచింది.

“కూసుంటే పొగరంటరు. లేస్తే పని రాదంటరు. ఏది జెయ్యమంటరు అన్నా?”

“కూసో చెల్లె. తతిమ్మాది నేను జెప్పుకుంట.”

అన్నాను గానీ, నా మాట నమ్మి ఒకసారి సంతకం పెట్టిన మనిషి ఆమె. మళ్లీ నమ్మమని ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నానో నాకే తెలియలేదు. ఆమె కుర్చీని ముందుకు లాక్కుని ముసలమ్మ ఫారం మొదటినుంచి మొదలుపెట్టింది.

సూపరింటెండెంటు గది తలుపు కొట్టి లోపలికి వెళ్లాను. కుర్చీ సంగతి చెప్పాను. ఆయన బల్ల మీది సర్వీసు కాగితం నకలు నా వైపు తిప్పాడు.

“కాయిదంల ఆపరేటర్ తప్పన్నవ్. ఇయ్యాల కుర్చీ తప్పంటున్నవ్. రేపు నేను వచ్చుడే తప్పంటవా?”

“నేను రాసింది అబద్ధం సార్,” అన్నాను. “తెల్వక, కాల్ మూసేటందుకు రాసిన. వైరు నేనేసిందే. ఆమెది తప్పు లేదు.”

నా సర్వీసులో ఆ వాక్యం అనడం అదే మొదలు. అంతకుముందు అనుంటే అలవాటై ఉండేది. ఆయన జవాబు చెప్పేలోపే బయట కారు ఆగింది. ఆయన కొత్త కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

పెద్ద మేడం హాల్లో అడుగు పెట్టింది. అందరూ లేచారు. కౌంటర్లవాళ్లు లేచారు, చాచా స్టూలు మీది నుంచి లేచాడు, వరుసలో కింద కూర్చున్న ముసలాళ్లు కూడా ఎందుకైనా మంచిదని లేచారు. మొదటి కౌంటర్లో ఒక్కతే కూర్చుని ఉంది. ముసలమ్మ నాలుగు వేళ్లు యంత్రం మీద ఉన్నాయి. తెర మీద పచ్చగీత మెల్లగా పాకుతోంది. ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి, మెడ మీద చెమట కారుతోంది. కాళ్లు మాత్రం లేవబోయినట్టు నేల మీద బిగుసుకుని ఉన్నాయి. అలవాటు అంత తేలిగ్గా కూర్చోదు. నేను మోత కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. మోత రాలేదు.

మేడం నేరుగా ఆ కౌంటరు దగ్గరికే వచ్చింది. పెద్దవాళ్లకు లేచినవాళ్లు వందమంది ఉన్నా కనబడేది లేవని ఒక్కరే.

“ఈమె ఎందుకు లేవలేదు?” అని సూపరింటెండెంటును అడిగింది. ఆయన నా వైపు చూశాడు. తతిమ్మాది నేను చెప్పుకుంటానన్న వీరుణ్ని గదా. నోరు తెరిస్తే గాలి వచ్చింది. రెండోసారికి మాట వచ్చింది.

“లేస్తే మిషన్ బంద్ అయితది మేడం. నేనే లేవొద్దన్న. తప్పు నాది.”

మేడం నన్ను చూసింది, కుర్చీని చూసింది, గాజు అవతల ముసలమ్మను చూసింది. ఈ పెద్దమ్మది ఇంకెంతసేపు అని ఆపరేటరును అడిగింది. రెండు నిమిషాలు మేడం అంది ఆమె, తల తిప్పకుండానే. సరే కానీయమని మేడం అక్కడే నిలబడింది. వెనక సూపరింటెండెంటు నిలబడ్డాడు, ఆయన వెనక మేమంతా నిలబడ్డాం. కాంట్రాక్టు ఆపరేటరు కూర్చుని ఉంటే ఆఫీసు మొత్తం రెండు నిమిషాలు నిలబడి చూడడం నేను ఆ ఒక్కసారే చూశాను. పచ్చగీత చివరికంటా వెళ్లింది. ప్రింటర్లోంచి రసీదు వచ్చింది. ముసలమ్మ దాన్ని కళ్లకద్దుకుని, ఎవరికీ దండం పెట్టకుండా వెళ్లిపోయింది.

నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు రాసిచ్చారు. నేను పాత కాగితం మీద అడ్డంగా కొట్టేసి కొత్తది రాసిచ్చాను. కారణం గడిలో నా వైరు, గోడలో లేని తీగ, కుర్చీ, మూడూ రాశాను. ఈసారి ఆమె చదివి సంతకం పెట్టింది, కళ్లద్దాలు పెట్టుకుని, ప్రతి అక్షరం. మా మేనేజరు మాత్రం ఊరుకోలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడివి, కంపెనీ తప్పని చేత్తో రాసిస్తావా అని ఒకటే లొల్లి. కుర్చీ అన్నది ఏ లెక్కన హార్డ్‌వేర్ అవుతుందని కూడా అడిగాడు.

తనిఖీ మర్నాడే మంచి మందపు వైరు నా చేత్తో వేశాను. ఎర్తింగ్ తీగ మాత్రం కరెంటు సెక్షన్ పని. దానికి ఫైలు పెట్టారు, ఆ ఫైలు ఇంకా నడుస్తోంది, దానికి ఏ కుర్చీ ఇచ్చారో తెలియదు. వైరు మార్చాక మామూలుగా లేస్తే యంత్రం పోయేది కాదు. మరీ దిగ్గున లేస్తే ఎప్పుడో ఒకసారి పోయేది. అందుకని మొదటి కౌంటరుకు లేవడం మాఫీ చేశారు. కాగితం మీద కాదు, నోటిమాటగా. సూపరింటెండెంటు కొన్నాళ్లు హాల్లోకే రాలేదు. తర్వాత వచ్చినా మొదటి కౌంటరు వైపు చూడకుండా నడిచేవాడు. చూస్తే కూర్చుని కనబడుతుంది గదా, అది భరించడం కష్టం.

ఏడాది తర్వాత నేను రిటైరయ్యాను. ఆఖరి రోజు బ్యాగు, పనిముట్లు కంపెనీలో అప్పజెప్పి, నా పాత ఆఫీసులన్నీ ఒకసారి చుట్టి వద్దామని బయల్దేరాను. మొఘల్‌పురా చేరేసరికి పదకొండు. హాలు నిండా జనం. చాచా ఎప్పటిలాగే గోడకు ఆనుకుని తల ఆడించాడు. రెండో కౌంటరు తల ఎత్తలేదు, మూడో కౌంటరుకు నేను ఎవరో గుర్తే లేదు. అలవాటైన గౌరవమే గనుక బాధ లేదు. స్టూలు ఎక్కడుందా అని చూస్తున్నాను.

మొదటి కౌంటర్లో ఆమె నన్ను చూసింది. సూపరింటెండెంటు వచ్చినా, ఆయన పైవాళ్లు వచ్చినా ఏడాదిగా లేవని మనిషి, దిగ్గున లేచి నిలబడింది.

టుడుంగ్.

కిటికీ అవతల వేళ్లు పెట్టిన పెద్దాయన అయ్యో అన్నాడు. ఆమె తెర వైపు చూడలేదు. నేనూ చూడలేదు, నాకు తెర కనబడే పరిస్థితి లేదు.

“రాసుకోండ్రి అన్నా, ఆపరేటర్ మిస్‌హ్యాండ్లింగ్,” అంది. “ఈపారి చదివే సంతకం వెడత.”